లిస్టులో ఆరోది

కాలేజీకి వేసవి సెలవులు ఇచ్చిన రోజే పెద్దసారు నన్ను తన గదికి పిలిచాడు. నేను అక్కడ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా అనుకునేరు. కీబోర్డుల్లో పడ్డ బిస్కెట్ పొడి దులపడం దగ్గర్నుంచి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం దాకా అన్నీ నేనే.

"మన వైఫైలోకి బయటివాళ్ళు దూరగలరా లేదా అని ఏదో కంపెనీ చేత చెక్ చేయించమంటోంది మేనేజ్‌మెంటు," అన్నాడాయన. "నువ్వు చెయ్యగలవా? చేస్తే నెట్‌వర్క్ సూపర్‌వైజర్ పోస్టుకి నీ పేరే రాస్తా. రాదంటే ఇప్పుడే చెప్పు, మొహమాటం వద్దు."

"ఎందుకు రాదు సార్!" అనేశాను. ఆ పనిలో అప్పటికి నాకు ఓనమాలు కూడా తెలియవు. నా నోరెప్పుడూ అంతే, నాకంటే ముందు పరిగెడుతుంది. ఆయన అనుమతి పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. సెలవులు అయ్యేలోగా రిపోర్టు ఇవ్వాలి.

అప్పటికి మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆవిడ, మా చెల్లెలు చిట్టి. ముప్పై రెండేళ్ళు వచ్చినా అందరికీ చిట్టే. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఒకే ఒక్క బ్యాగుతో వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "అన్నయ్యా, ఇక నేనక్కడికి వెళ్ళను," అంది.

బావ కొట్టేవాడు కాదు. తాగేవాడు కాదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెయ్యి చాపి, "ఫోన్ ఇటివ్వు," అనేవాడట. ఎవరికి చేశావు, ఇంతసేపు ఏం మాట్లాడావు, ఈ మెసేజి ఎందుకు చెరిపావు అని ఒక్కొక్కటీ అడిగేవాడట. ఆరేళ్ళు. చెప్తున్నప్పుడు చిట్టి ఏడవలేదు. "నా బుర్ర మూత తీసి చెయ్యిపెట్టి కెలుకుతున్నట్టుండేది అన్నయ్యా," అని మాత్రం అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ఇంట్లో నీ ఫోన్ నువ్వు తప్ప ఇంకెవ్వరూ ముట్టుకోరు. నేను చెప్తున్నాగా," అన్నాను.

"ముట్టుకోమను, చేతులు విరగ్గొడతా. మీ అన్నయ్య చేతులైనా సరే," అంది మా ఆవిడ, అప్పటికే బ్యాగు లోపలికి మోసుకుపోతూ.

లాయరు ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు. విడాకుల కాగితాలు తేలేదాకా బావతో ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. మాట్లాడినట్టు రుజువు చూపిస్తే, ఇంకా కలిసే ఉంటున్నాం అని అవతలివాళ్ళు వాదిస్తారట. చిట్టి పాత సిమ్ము నా ఎదురుగానే విరిచి చెత్తబుట్టలో వేసింది. పెళ్ళికి ముందు నేర్చుకున్న పని చేతిలో ఉంది కాబట్టి కళ్ళద్దాల షాపులో చేరింది. అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అంచులు అరగదీసే పని. నెల తిరిగేసరికి మనిషి తేరుకుంది. వదినతో కలిసి నన్ను ఆటపట్టించడం కూడా మొదలుపెట్టింది.

నా పాట్లు వాళ్ళకి రోజూ వినోదమే. వైఫైని పరీక్షించే సాధనాలన్నీ ఒక ప్రత్యేకమైన సిస్టమ్‌లో ఉంటాయి. ఉన్న లాప్‌టాప్ చెడగొట్టుకోకుండా దాని లోపలే దాన్ని పెట్టుకోవాలంటే వర్చువల్ మెషీన్ కావాలి. అంటే తెరమీద ఒక కిటికీలో పూర్తిగా ఇంకో కంప్యూటర్ నడుస్తుందన్నమాట. లాప్‌టాప్‌కి ఉన్న మెమరీలో సగం దానికి పంచి ఇవ్వాలి.

"ఒకదానితోనే వేగలేక చస్తుంటే దాని కడుపులో ఇంకోటా?" అంది మా ఆవిడ.

"నెలలు నిండాయా అన్నయ్యా?" అంది చిట్టి.

నాలుగు రోజులు కుస్తీపడితే లోపలి మెషీన్ లేచింది. లేచిందిగానీ దానికి ఒక్క వైఫై కూడా కనపడదు. తనకేదో తీగ కనెక్షన్ ఉందనుకుంటుంది, అంతే. లాప్‌టాప్ వైఫై బయటి మెషీన్ సొత్తు, లోపలిదానికి చెందదు. ఈ చిన్న ముక్క తెలుసుకోవడానికి నేను రెండుసార్లు అన్నీ తీసేసి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాను. దానికంటూ విడిగా యూఎస్‌బీ యాంటెన్నా కావాలట. ఒకటి తెచ్చాను. అది పనికిరాని రకం. అన్ని యాంటెన్నాలూ గాలిలో పోయే వైఫై సిగ్నళ్ళని ఊరికే వినలేవట, లోపల ఫలానా చిప్పు ఉండాలట.

"మా షాపు పక్కనే కంప్యూటర్ సామాన్ల కొట్టుంది. ఆ నంబరేదో రాసివ్వు, నేను తెస్తా," అంది చిట్టి.

మర్నాడు సాయంత్రం తెచ్చింది. నల్లటి చిన్న పెట్టె, దానికో జానెడు కొమ్ము. గుచ్చాను. లోపలి మెషీన్ దాన్ని గుర్తుపట్టింది. ఆజ్ఞ కొట్టగానే వీధిలో ఉన్న వైఫైల పేర్లన్నీ వరసగా తెరమీద దిగాయి. ముగ్గురం ఆ చిన్న బల్ల చుట్టూ మూగాం.

"ఇదెవరిదో చూడు వదినా, 'అడగొద్దు' అని పేరు పెట్టుకున్నారు!" అని చిట్టి చప్పట్లు కొట్టింది.

"లోపలికెళ్ళి చూడండి, వాళ్ళేం చూస్తున్నారో," అంది మా ఆవిడ.

"తప్పు. అనుమతి లేనిదే ఎవరిదీ తట్టకూడదు. ఈ పనిలో మొదటి పాఠమే అది," అన్నాను, వేలు ఎత్తి మరీ. ఇప్పుడు తలుచుకుంటే ఆ వేలు విరుచుకోవాలనిపిస్తుంది.

సాధన అంతా మా ఇంటి వైఫై మీదే చేశాను. నెట్‌లో దొరికిన పాఠంలో చెప్పినవన్నీ పొల్లుపోకుండా పాటించాను. ప్రతి యాంటెన్నాకీ పుట్టుకతో వచ్చిన ఒక చిరునామా ఉంటుంది, మెషీన్ లేచిన ప్రతిసారీ అది మారిపోయేలా ఒక సెట్టింగు పెట్టమన్నారు. పెట్టాను. సాధనాలకి అప్‌డేట్లు దించుకోవాలంటే ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఇవ్వమంది. ఇచ్చాను. సెలవులు పిల్లలకే, మాకు కాదు. రోజూ ఆరింటికి కాలేజీ నుంచి రాగానే లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. ఎనిమిదింటికి మా ఆవిడ కంచాలు చప్పుడు చేసేదాకా లేచేవాణ్ణి కాదు.

ఒకరోజు రౌటర్ పేజీ తెరిచి, మన వైఫైలో ఎవరెవరున్నారో లెక్కపెట్టాను. నా ఫోను, మా ఆవిడ ఫోను, చిట్టి ఫోను, టీవీ, నా లాప్‌టాప్. అయిదు. కింద ఆరోది ఇంకొకటుంది. దానికి పేరు లేదు, ఒట్టి అంకెలూ అక్షరాలూ కలిసిన చిరునామా.

మర్నాడూ ఆరోది ఉంది. కాకపోతే చిరునామా వేరు. ఆ మర్నాడు ఇంకో చిరునామా. మూడు రోజుల్లో మొత్తం ఆరు జీబీ దించేసింది. ఇప్పటి ఫోన్లు తమ అసలు చిరునామా దాచి రోజుకొకటి చూపిస్తాయని అప్పుడే చదివి ఉన్నాను. అంటే ఏదో ఫోను, పైగా వీడియో కాల్స్!

"దొంగ దొరికాడు!" అన్నాను మా ఆవిడతో. నిజం చెప్పొద్దూ, కోపంకంటే సంతోషమే ఎక్కువైంది. కష్టపడి నేర్చుకున్న విద్యకి మొదటి ఫలితం కదా.

"పక్కింటివాళ్ళేమో. పాస్‌వర్డ్ మార్చి పారేయండి," అంది.

మార్చాను. కొత్తది కాగితం మీద రాసి మా ఆవిడకీ చిట్టికీ చూపించి, చింపేశాను. నా ఫోను, టీవీ, లాప్‌టాప్, లోపలి మెషీన్, అది అడిగిన ప్రతిచోటా ఓపిగ్గా కొట్టుకుంటూ వచ్చాను. గంట తర్వాత రౌటర్ పేజీ చూస్తే ఆరోది మళ్ళీ ఉంది.

కొత్త పాస్‌వర్డ్ గడప దాటి పోలేదు. అంటే ఇంట్లో మనిషే.

ఆ తర్వాత వారం రోజులు నేను చేసిన పరిశోధన వింటే నవ్వుతారు. రౌటర్ రాసుకునే చిట్టా ప్రకారం ఆరోది పగలంతా రాదు, సాయంత్రం ఆరు తర్వాతే వస్తుంది. చిట్టి షాపు నుంచి వచ్చేదీ అప్పుడే. నేను పరీక్ష మొదలుపెట్టబోతూ, "కాసేపు నెట్ ఆగొచ్చు, టెస్టు చేస్తున్నా," అని కేకేస్తాను. మరుక్షణం ఆరోది మాయం. పరీక్ష అయిపోగానే మళ్ళీ ప్రత్యక్షం. నా కేక విని ఆపేస్తోందన్నమాట! పైగా చిట్టి ఈమధ్య బాల్కనీలో నిలబడి ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. నేను వెళ్తే గొంతు తగ్గిస్తోంది. రెండో ఫోను ఉంది, బావతో మాట్లాడుతోంది అని తేల్చేసుకున్నాను. నేను ఇంట్లో లేనప్పుడు ఆరోది ఎందుకు రావడంలేదని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు. అందరి మీదా పనిచేసిన బుర్ర నా మీద పనిచెయ్యలేదు.

భయం లేకపోలేదు. కాగితాలు పాడైతే చిట్టి బతుకు మళ్ళీ మొదటికొస్తుంది. కానీ భయం ఒక్కటే అని చెప్తే అబద్ధం. ఇంత చేస్తే నా వెనకాల ఇదా అన్న ఉక్రోషం ఉంది. సూపర్‌వైజర్ కాబోయేవాణ్ణి నన్నే బురిడీ కొట్టిస్తుందా అన్న పొగరు కూడా ఉంది.

ఒక సాయంత్రం చిట్టి మంచం మీద బట్టలు మడతపెడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"రెండో ఫోన్ ఎక్కడుంది?"

"రెండో ఫోనా? ఎవరిది?" అంది నవ్వుతూ, నేనేదో తమాషా చేస్తున్నాననుకుని.

"నీదే. బావతో మాట్లాడుతున్నావు కదా."

నవ్వు ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పక్కర్లేదు. మెషీన్ చూపిస్తోంది. రోజూ ఆరు తర్వాత వస్తోంది, నేను టెస్టు అనగానే పోతోంది. కొత్త పాస్‌వర్డ్ మన ముగ్గురికి తప్ప తెలీదు. ఇంకా దాస్తావెందుకు చిట్టీ?"

"నాకు ఒకటే ఫోనుంది అన్నయ్యా. ఒట్టు."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "పిల్ల లేదంటోంది కదండీ. వదిలేయండి."

"నువ్వాగు. నీకు ఈ విషయాలు తెలీవు," అన్నాను. చిట్టి బ్యాగు తెరిచాను. బట్టలు తీసి మంచం మీద వేశాను. దిండు కింద చూశాను. అలమరలో చూశాను. ఏమీ దొరక్కపోయేసరికి పట్టుదల ఇంకా పెరిగింది. చెయ్యి చాపి, "ఫోన్ ఇటివ్వు," అన్నాను.

చిట్టి గబగబా లాక్ తీసి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చింది. ఇచ్చి, ఒక అడుగు వెనక్కి వేసి, తల దించుకుని, చేతులు రెండూ ముందు కట్టుకుని నిలబడింది. ఎంతసేపు పడుతుందో తెలిసిన మనిషిలాగా నిలబడింది.

నేనది చూశాను. చూసి కూడా ఫోన్ తిప్పాను. బాల్కనీలో మాట్లాడే కాల్స్ అన్నీ షాపులో తనతో పనిచేసే ఆవిడవి. ఫొటోల్లో పక్కవాళ్ళ పిల్లి, అరగదీసిన అద్దాలు, బల్ల మీద నిద్రపోతున్న నేను. బావ పేరు ఎక్కడా లేదు.

"దొరకలేదంటే లేదని కాదు," అన్నాను ఫోన్ తిరిగిస్తూ. ఆ మాట ఎందుకన్నానో ఈ రోజుకీ నాకు తెలీదు. ఓడిపోవడం ఇష్టంలేక అనుంటాను.

మా ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. చిట్టి మాత్రం మామూలుగానే అన్నం తింది. మర్నాడు సాయంత్రం షాపు నుంచి రాగానే నా బల్ల దగ్గరికి వచ్చి, లాప్‌టాప్ పక్కన తన ఫోన్ లాక్ తీసి పెట్టి, స్నానానికి వెళ్ళిపోయింది.

"ఇదెందుకు?" అన్నాను.

"చూసుకో అన్నయ్యా. తర్వాత తీసుకుంటా," అంది వెనక్కి తిరక్కుండానే.

ఆ రోజు నుంచి రోజూ పెట్టేది. వద్దమ్మా అని ఒక్కరోజైనా అనుంటే ఈ కథ చెప్పుకోవడం కాస్త తేలికయ్యేది. అనలేదు. రెండు రోజులు చూశాను కూడా. రౌటర్ పేజీలో ఆరోది అలాగే ఉంది మరి.

పది రోజులు పోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం. ఎండ పేలిపోతోంది. గోడ ప్లగ్గుకి టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాం. నేను మంచినీళ్ళు తాగి గదిలోకి వచ్చేసరికి మా ఆవిడ లాప్‌టాప్ దగ్గర ఉంది.

"ఈ కొమ్ము కాసేపు తీసేశానండీ. నా ఫోన్ చచ్చిపోతోంది, చార్జింగ్ పెట్టుకుంటా," అని తీగ గుచ్చి వెళ్ళిపోయింది.

తెరమీద రౌటర్ పేజీ తెరిచే ఉంది. అలవాటు కొద్దీ మళ్ళీ లోడ్ చేశాను. అయిదే ఉన్నాయి.

చిట్టి ఫోన్ వైపు చూశాను, నా పక్కనే ఉంది. మా ఆవిడ తీగ పీకి, కొమ్ము గుచ్చాను. లోడ్ చేశాను. ఆరు. పీకాను. అయిదు. మళ్ళీ గుచ్చి, లోపలి మెషీన్‌లో యాంటెన్నా చిరునామా చూసి, రౌటర్ పేజీలో ఆరోదాని చిరునామా పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే వేలుతో చదివాను. ఒకటే.

ఆరోవాణ్ణి నేనే. పాస్‌వర్డ్ నా చేత్తో నేనే ఇచ్చాను. చిరునామా రోజూ మార్చమని నేనే సెట్టింగు పెట్టాను. వీడియో కాల్స్ అనుకున్న ఆ ఆరు జీబీ, నేను దించుకున్న అప్‌డేట్లే. టెస్టు మొదలుపెట్టగానే మాయం కావడం నిజమే, ఎందుకంటే అప్పుడు నా యాంటెన్నానే వైఫై వదిలేసి వినడం మొదలుపెడుతుంది. ఎవరైనా చెప్పు తీసుకుని కొడితే హాయిగా ఉండేది.

చిట్టి ముందు గదిలో కింద కూర్చుని పేపరు చదువుకుంటోంది. లేచి వెళ్తే పది అడుగులు. లేచాను కూడా. గుమ్మం దాకా వెళ్ళాను. చిట్టి తలెత్తి, "ఫోన్ అయిందా అన్నయ్యా? తీసుకోనా?" అంది.

"ఆఁ, తీసుకో," అన్నాను.

అంతే. సిగ్గు. ఆడపిల్ల బ్యాగు తిరగేసి బట్టలు మంచం మీద పారబోసినవాణ్ణి, ఇప్పుడు ఏ మొహంతో చెప్పను? సాయంత్రం చెప్తాలే అనుకున్నాను. సాయంత్రం మా ఆవిడ ఉంది. రేపనుకున్నాను. లోపలి మెషీన్‌ని మాత్రం ఇంటి వైఫై మరిచిపొమ్మని అప్పుడే చెప్పేశాను. అదొక్కటీ వాయిదా వెయ్యలేదు.

బుధవారం టీ తాగుతూ మా ఆవిడ అడిగింది. "ఏమయ్యాడు మీ దొంగ? వస్తున్నాడా ఇంకా?"

"లేదు. ఆగిపోయింది."

"ఎప్పట్నుంచి?"

"ఆదివారం నుంచి."

మా ఆవిడ గ్లాసు కింద పెట్టింది. ఇన్నాళ్ళూ చిట్టి పక్షాన నిలబడ్డ మనిషి, గొంతు తగ్గించి, "అంటే... నిజంగానే చిట్టి..." అని సగంలో ఆగింది. "పోనీలెండి. మానేసింది కదా. ఇంకేం అనకండి పాపం."

నేను ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడమే ఆ వేసవిలో నేను చేసిన అన్నిటికంటే నీచమైన పని. తల తిప్పితే గుమ్మం పక్కన చిట్టి, చేతిలో ఖాళీ గ్లాసుతో. ఎంత విందో తెలీదు. గ్లాసు తొట్టిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం పొద్దున షాపుకి వెళ్తూ చెప్పింది. "అన్నయ్యా, షాపులో ఆవిడతో కలిసి గది తీసుకుంటున్నా. నడిచి వెళ్ళేంత దూరం. నీకు కోపం లేదుగా?"

"నాకేం కోపం? నీ ఇష్టం," అన్నాను. ఎందుకు వెళ్తున్నావు అని కూడా అడగలేదు. అడిగితే తను చెప్తుంది, తను చెప్తే నేనూ చెప్పాలి. మరుసటి గురువారం బ్యాగు నేనే మోసుకెళ్ళి దింపి వచ్చాను. తెలిసిన తర్వాత పదకొండు రోజులు చిట్టి నా ఇంట్లోనే, నా కళ్ళ ముందే తిరిగింది. పదకొండు రోజులూ ఆ ఫోన్ బల్ల మీద పెడుతూనే ఉంది.

కాలేజీ పని బ్రహ్మాండంగా అయింది. కొమ్ము పట్టుకుని రెండు బిల్డింగులూ, మూడంతస్తులూ తిరిగాను. లైబ్రరీలో పాత పాస్‌వర్డ్ బలహీనంగా ఉందని పట్టుకున్నాను. రిపోర్టు పద్ధెనిమిది పేజీలు వచ్చింది. పెద్దసారు చదివి, "అన్నీ ఎంత జాగ్రత్తగా చూశావయ్యా!" అని భుజం తట్టాడు. ఆ మాటకి నాకు తలకొట్టేసినట్టయింది. పోస్టు నాకే వచ్చింది.

ఇంకో నెల గడిచింది. ఒక శనివారం కాలేజీ నుంచి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"చిట్టితో ఉండే ఆవిడ ఫోన్ చేసిందండీ. చిట్టి తిరిగి వెళ్ళిపోతానంటోందట."

"ఎక్కడికి?"

"ఇంకెక్కడికి, వాళ్ళాయన దగ్గరికి. సోమవారం ఫోన్ చేసి చెప్పేస్తానందట. ఎక్కడున్నా ఫోన్ చూపించుకుంటూ బతకాల్సిందేగా, అక్కడైతే నా వంటిల్లన్నా నాకుంటుంది అందట. మీరొకసారి వెళ్ళండి. మీ మాట వింటుంది."

నా మాట! ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

ఒకే గది. రెండు మంచాలు, మధ్యలో ఒక కుర్చీ, కిటికీ గట్టు మీద స్టవ్వు. తనతో ఉండే ఆవిడ నన్ను చూసి, బట్టలు ఆరేసుకొస్తానని పైకి వెళ్ళింది. చిట్టి టీ పెట్టింది. చిక్కిపోయింది. వేళ్ళ చివర్లు అద్దాల పొడికి తెల్లగా పగిలి ఉన్నాయి. నేను కుర్చీలో కూర్చోగానే తన ఫోన్ తీసి, అలవాటుగా, నా పక్కన మంచం మీద పెట్టింది.

అది చూశాక ఇక ఆగలేకపోయాను. "చిట్టీ, ఆ ఆరోది నువ్వు కాదు. నేనే. నా కొమ్మే," అన్నాను.

మొత్తం చెప్పాను. కొమ్ము పీకితే పోయిందని, గుచ్చితే వచ్చిందని, పాస్‌వర్డ్ నేనే ఇచ్చానని. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. నలభై ఒక్క ఏళ్ళవాణ్ణి, చెల్లెలి ఎదుట ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. చిట్టి ఏడవలేదు. స్టవ్వు ఆపి, వచ్చి నా ఎదురుగా మంచం మీద కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

అన్నిటికీ సిద్ధపడే వచ్చాను. తిడుతుందనుకున్నాను, పొమ్మంటుందనుకున్నాను. ఇది అడుగుతుందనుకోలేదు. తను నా కళ్ళలోకే చూస్తోంది. ఆదివారాలు లెక్కపెట్టుకున్నాను. పదకొండు రోజులు, ఆపైన నెలరోజులు.

"నిన్న," అన్నాను.

చిట్టి లేచి, టీ వడపోసి గ్లాసు నా చేతికిచ్చింది.

"నీకు చెప్పలేదు అన్నయ్యా. ఏడాదిన్నర కిందట ఆయన, నేనేదో మెసేజి చెరిపేశానని గొడవ పెట్టాడు. వారం రోజులు అన్నం మానేసి కూర్చున్నాడు. తీరా చూస్తే అది ఆయన ఫోన్లోనే ఉంది. ఆయనకి మూడో రోజే తెలిసిందట. వాళ్ళక్క నోరుజారి చెప్తే ఏడాది తర్వాత తెలిసింది నాకు. తప్పు తనదని తెలిసి కూడా ఏడాదంతా నన్ను దొంగలాగే చూశాడు. ఫోన్ చూసినందుకు కాదు అన్నయ్యా, అందుకు వచ్చేశాను నేను."

నా చేతిలో గ్లాసు కాలిపోతోంది. కింద పెట్టడానికి చోటు కనపడలేదు.

"నువ్వూ అంతే అనుకున్నా. మగాళ్ళందరూ అంతే, ఎక్కడుంటే ఏంటిలే అనుకున్నా. రేపు ఆయనకి ఫోన్ చేద్దామనే ఉన్నా," అంది. కళ్ళు తుడుచుకుని నవ్వింది. దాదాపు రెండు నెలల తర్వాత ఆ నవ్వు చూశాను. "నిన్న తెలిసి ఇవాళ పొద్దున్నే పరిగెత్తుకొచ్చావు కదా. నువ్వు ఆయనలా కాదు. చాల్లే అన్నయ్యా, ఏడవకు. టీ తాగు."

మంచం మీది ఫోన్ తీసుకుని తన దిండు కింద పెట్టుకుంది. నేను టీ తాగాను. కాదమ్మా, నిన్న కాదు అనే మాట పీకలదాకా వచ్చింది. అంటే సోమవారం ఆ ఫోన్ చేస్తుంది. అనకపోతే చెయ్యదు. నేను అనలేదు. తన కోసమే అనలేదని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం.

చిట్టి బావకి ఫోన్ చెయ్యలేదు. వానలు తగ్గే రోజుల్లో కాగితాలు తేలిపోయాయి, మళ్ళీ మా ఇంటికే వచ్చేసింది. ఫోన్ ఎక్కడపడితే అక్కడ పడేస్తుంది, చేతులకి పొడి ఉంటే మెసేజి చదివిపెట్టమని నన్నే కేకేస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా, మాటల్లో మొగుళ్ళూ అన్నదమ్ములూ దొర్లితే చాలు, ఆ వేసవి సంగతి ఎత్తుకుంటుంది. కొమ్ము గురించీ ఆరోదాని గురించీ నవ్వుతూ చెప్తుంది, తన బ్యాగు నేను తిరగేసిన ముక్క వదిలేస్తుంది. "తప్పు చెయ్యనిదెవరు? మా అన్నయ్య మాత్రం తెలిసిన మర్నాడే వచ్చి ఏడ్చి చెప్పాడు," అంటుంది. 'మర్నాడే' అన్నచోట ప్రతిసారీ గొంతు కాస్త పెంచుతుంది. నేను మంచినీళ్ళ వంకతో లేచి లోపలికి వెళ్తాను.